కిరాణిగారి గొడుగు

అమ్మ మా ఇంటికి వచ్చి పది రోజులు దాటినా సంచి విప్పలేదు. ఎరుపు, నీలం చారల పెద్ద ప్లాస్టిక్ సంచి మంచం కింద జిప్పు వేసి అలాగే ఉంది. రోజూ పొద్దున అందులోంచి ఒక చీర తీసుకునేది, మళ్ళీ జిప్పు లాగేసేది. ఆఫీసుకు బయల్దేరే ముందు నేను ఒకసారి వంగి చూసేదాన్ని. సాయంత్రం వచ్చాక చెప్పులు విప్పకముందే ఇంకోసారి చూసేదాన్ని. బీరువాలో ఆవిడ కోసం సర్దిపెట్టిన అర కలరా ఉండల వాసన కొడుతూ ఖాళీగానే ఉంది.

నాన్న పోయాక అమ్మ రబ్బరు తోటల దగ్గరి బటాంగ్ బెర్జుంటై ఊళ్ళో ఒక్కర్తే ఉండేది. ఎంత పిలిచినా కదలనంది. ఈమధ్య స్నానాల గదిలో జారిపడి ఎడమ మణికట్టు విరగ్గొట్టుకుంది. పక్కింటి మలాయావిడ చూడబట్టి సరిపోయింది. చూడకపోతే ఏమయ్యేదో అన్న ఆలోచన నన్ను నిలవనివ్వలేదు. కాళ్ళావేళ్ళా పడితే చివరికి ఒప్పుకుంది.

"నెల్రోజులు సూస్తాను. ఉండబుద్దయితే ఉంటాను, నేదంటే నా ఇంటికి నాను పోతాను. అప్పుడు నువ్వు ఏడవకూడదు," అంది.

ఏడవనన్నాను. అది నా చేతిలో పని కాదని ఇద్దరికీ తెలుసు.

మేముండేది మలేషియాలో, పోర్ట్ క్లాంగ్ రేవు దగ్గర. వీధి చివర రోజంతా కంటైనర్ లారీలు పోతూనే ఉంటాయి. మా ఆయనది రేవులో షిఫ్టుల ఉద్యోగం, ఇంట్లో ఉన్నంతసేపూ నిద్రపోతారు. నేను ఓడల ఏజెంటు ఆఫీసులో సరుకు కాగితాలు తయారుచేస్తాను. మా అమ్మాయి కాలేజీకి రైల్లో పోయి వస్తుంది. ఇక మిగిలింది మా మావగారు. నా గుబులంతా అక్కడే.

మావగారు ఇంగ్లీషు మాస్టారుగా రిటైరయ్యారు. ఎనభై దాటినా ఇస్త్రీ చొక్కా లేకుండా గది దాటి రారు. మంచి మనిషి. నా మీద ఏనాడూ గొంతు పెంచలేదు. అయితే ఆయన తండ్రి ఎస్టేటులో కిరాణి. కిరాణి అంటే సరుకుల కొట్టువాడు కాదు, మా దేశంలో తోట ఆఫీసు గుమస్తాని అలా అంటారు. దొర మాట కూలీలకి చెప్పేదీ ఆయనే, కూలీల తప్పులు దొరకి మోసేదీ ఆయనే. మా అమ్మ అదే ఎస్టేటులో, ఆ కిరాణి కింద రబ్బరు పాలు తీసినవాళ్ళ పిల్ల. నా పెళ్ళి కుదిరాక గాని ఈ సంగతి బయటపడలేదు. మావగారు ఒక్క క్షణం ఆగి, "అయితే ఏటి? భోజనాలు అరిటాకుల్లోనా, ప్లేట్లలోనా? అది తేల్చండి ముందు," అన్నారట. ఆ ఒక్క మాటకి ఆయన కాళ్ళకి ఇప్పటికీ దణ్ణం పెట్టొచ్చు.

పెట్టొచ్చు గాని, ఇన్నేళ్ళయినా అమ్మ ఆయన్ని 'అన్నయ్యగారూ' అని పిలవలేదు. వియ్యంకుణ్ణి అలా పిలవడం మనవాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు. ఆవిడ నోట మాత్రం 'అయ్యా' అనే వచ్చేది. లైన్లలో, అంటే తోట కూలీల వరస ఇళ్ళలో, పుట్టిన పిల్లలు కిరాణిని పిలిచే పిలుపది. ఆయన సోఫాలో కూర్చుంటే ఈవిడ కింద చాప వేసుకునేది. "కుర్చీలో కూర్చోండమ్మా," అని ఆయన, "ఇక్కడ సల్లగుందయ్యా," అని ఈవిడ. రోజూ ఇదే తంతు. నాకు ఒళ్ళు మండేది. ఎవరి మీద మండాలో తెలియక గిన్నెల మీద చూపించేదాన్ని.

అగ్నికి ఆజ్యం పోసినట్టు సరిగ్గా అప్పుడే ఆ కొత్త ఇంగ్లీషు కామెడీ మొదలైంది. బ్రిటన్‌లో తీసింది, శనివారం సాయంత్రాలు ఒక్కొక్క భాగం వచ్చేది. ఒకప్పుడు మలయాలో రబ్బరు తోట ఏలిన ముసలి దొర ఇంగ్లండులో సముద్రం ఒడ్డున కూతురి ఇంట్లో ఉంటాడు. తోట పోయింది గాని దొరతనం పోలేదు. తెల్లారగానే లేచి వీధిలో వాళ్ళ పూలకంచెల్ని తనిఖీ చేస్తాడు. ఇంతలో ఆయన పాత కిరాణి, మనవాడే, మనవల దగ్గర ఉండటానికి వచ్చి సరిగ్గా పక్కింట్లో దిగుతాడు. మర్నాటి నుంచి దొర వెనకాల గొడుగు పట్టుకుని ఆయనా తనిఖీకి బయల్దేరతాడు. ఇదీ కథ.

మా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపు రెండు ముక్కలైంది. ఇన్నాళ్ళకి తెల్లవాళ్ళ టీవీలో మనం కనబడ్డామని కొందరు చంకలు గుద్దుకున్నారు. కనబడింది బంట్రోతు వేషంలో గదా, సిగ్గులేదా అని కొందరు విరుచుకుపడ్డారు. ఒకాయన మాత్రం ఏ పక్షానా చేరక, ఎప్పటిలాగే పొద్దున్నే గులాబీ పువ్వుల బొమ్మ పంపిస్తూ పోయాడు. నాకు ఆయన మీదే ఎక్కువ కోపం వచ్చింది.

"బ్రిటన్‌లో కూడా ఫైటింగే లా," అని, మాట చివర ఇక్కడివాళ్ళ 'లా' తగిలించి, మా అమ్మాయి అక్కడి జనం రాసినవి ఫోన్లో చదివి వినిపించింది. ఇంత నవ్వి ఎన్నాళ్ళయిందో అని ఒకరు, అరగంట చూసినా పెదవి కదల్లేదని ఇంకొకరు. మావగారు కళ్ళజోడు సవరించుకుని, "ఇంగ్లీషువాళ్ళకే నవ్వు రాలేదా?" అన్నారు, పరీక్షలో ప్రశ్న తప్పుగా అచ్చయినట్టు.

ఆయనకి ఇంగ్లీషు కామెడీలంటే ప్రాణం. పాతవన్నీ చూసి, నవ్వి, ఎందుకు నవ్వాలో మాకు విడమర్చి చెప్పేవారు. మొదటి శనివారం అందరికంటే ముందు సోఫాలో కూర్చున్నదీ ఆయనే. అమ్మకి ఇంగ్లీషు రాదు, తెర కింద వచ్చే మలాయ్ అక్షరాలు చదవలేదు. మాలాంటి ఇళ్ళలో టీవీ ముందు ఎవరో ఒకరు తర్జుమాకి కూర్చుంటారు. ఆ పని నాది.

తర్జుమా అవసరమే రాలేదు. వాన మొదలైంది. కిరాణి గొడుగు దొర నెత్తి మీద పట్టి తాను నిలువెల్లా తడుస్తున్నాడు. దొరేమో ఒకచోట ఉండడు, ఆ కంచె దగ్గరికి గబుక్కున, ఈ కంచె దగ్గరికి గబుక్కున. కిరాణి గొడుగుతో వెంట పరుగు. అమ్మ ఒక్కసారిగా తొడ చరిచి, "ఓలమ్మో! అచ్చం మన కిరాణయ్యే!" అని పగలబడి నవ్వింది. నాన్న పోయాక ఆవిడ అలా నవ్వగా నేను వినలేదు. నా ప్రాణం లేచొచ్చింది. మావగారు లేచారు. చొక్కా సర్దుకున్నారు. "తల నొప్పిగా ఉంది," అని గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు.

అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మర్నాడు సంచి మంచం కింద లేదు, మంచం మీద ఉంది.

ఆ వారమంతా కాలుగాలిన పిల్లిలా తిరిగాను. ఆఫీసులో ఒక ఓడ పేరు బదులు ఇంకో ఓడ పేరు కొట్టి చీవాట్లు తిన్నాను. వంటింట్లోంచి హాల్లోకి, హాల్లోంచి వంటింట్లోకి, ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో అని చెవి అటు పడేసి. ఎవరూ ఎవరితోనూ మాట్లాడటం లేదు, అదే నా బాధ. రెండో శనివారం మావగారు ఇక చూడరనుకున్నాను. చూడకుండా ఉండలేకపోయారు. పరీక్ష హాల్లో కాపలా ఉన్నట్టు నిటారుగా కూర్చున్నారు.

అప్పుడు నాకో దిక్కుమాలిన తెలివి పుట్టింది. "ఆయన కిరాణి కాదే అమ్మా. దొరగారి బావమరిది," అని తర్జుమా మొదలుపెట్టాను.

అమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "తెల్లోడికి నల్ల బావమరిదేటే?"

"పెళ్ళాం తరఫు."

"పెళ్ళాం తెల్లగుంది గదే."

"రెండో పెళ్ళాం లేమ్మా, కథలో ముందు ముందు వస్తుంది."

మావగారు దగ్గారు. ఆయనకి రెండు భాషలూ వచ్చు. కోడలు పచ్చి అబద్ధాలు అల్లుతోందని తెలుసు, అయినా ఏమీ అనలేదు. అమ్మ నవ్వలేదు. నేను ఎంత అతికినా తెర మీద బావమరిది గొడుగు పట్టుకుని పరుగెడుతూనే ఉన్నాడు, ఈవిడ పెదవులు బిగించుకుని చాప పీచు లాగుతూనే ఉంది. నేను వాళ్ళిద్దరి మధ్య అడకత్తెరలో పోకచెక్కనయ్యాను.

ఆ రోజు భోజనాల దగ్గర మా అమ్మాయి ఊరుకోక, "తాతా, మీ నాన్న అలాగే ఉంటారా?" అని అడిగింది. దానికి తెలుగు అర్థమవుతుంది, మాట్లాడటానికి మాత్రం మాటలు తడుముకుంటుంది. అడగాల్సిన ప్రశ్నకి మాత్రం మాటలు బాగానే దొరికాయి.

"మా నాన్న ఎవరికీ గొడుగు పట్టలేదు!" అన్నారు మావగారు. కంచంలో చెయ్యి ఆగిపోయింది. "లైన్లలో ఎవరికి జ్వరమొచ్చినా ఆస్పత్రికి చీటీ రాసింది మా నాన్న. ఇండియాకి ఉత్తరాలు రాసి పెట్టింది మా నాన్న. ఈ టీవీవాళ్ళకి ఏటి తెలుసు? ఆ నటుడికి గొడుగు పట్టడమే రాదు. కుడిచేత్తో పడతాడా ఎవడైనా? కుడిచెయ్యి దొరకి సలాము పెట్టడానికి ఖాళీగా ఉండాలి. ఎడమ..."

అక్కడితో ఆగిపోయారు. ఆయన ఏమన్నారో ఆయనకే వినబడింది. మజ్జిగ కూడా పోసుకోకుండా లేచిపోయారు.

అమ్మ వంటింట్లో నా పక్కన నిలబడి ఒంటిచేత్తో కంచాలు అందించింది. ఆఖరి కంచం ఇస్తూ నోరు విప్పింది.

"ఆయన మంచి సేసినాడే. నాను కాదనను. మా అక్కకి జరమొస్తే సీటీ ఆయనే రాసినాడు. మరి పొద్దున పెరట్టులో మమ్మల్ని నిలబెట్టి కుక్కల్ని అరిసినట్టు అరిసిందీ ఆయనే." పెరట్టంటే తెల్లారక ముందు కూలీలందరినీ వరసలో నిలబెట్టే హాజరు. "పొద్దుగూకితే మా అయ్య లైనులో సీపురుకట్ట గొడుగు సేసుకుని కిరాణయ్యని ఆడి సూపించీవోడు. లైనంతా నవ్వీవోళ్ళం. ఆ నవ్వుతోటే అన్నం దిగీది. టీవీలో ఆడు అలగ పరిగెడుతుంటే నాకు కిరాణయ్య కాదే, మా అయ్య కనబడినాడు."

నేను చేతులు తుడుచుకోవడం మరిచిపోయి నిలబడ్డాను. మా తాతని నేను చూడలేదు. ఆయన నవ్వించేవాడని ఎవరూ నాకు చెప్పలేదు.

"ఇది పెద్దోళ్ళ ఇల్లు. నవ్వు ఆపుకుని ఎన్నాళ్ళుంటానే? నోట్లో కొంగు కుక్కుకుని బతకనేను. నెలవగానే పోతాను," అంది. కోపంగా అనలేదు. కోపంగా అంటే తిరిగి పోట్లాడేదాన్ని.

మావగారి దగ్గరికి వెళ్ళి ఏదో ఒకటి అడగాలనుకున్నాను. ఏమని అడగాలి? మీ నాన్నగారి మీద నవ్వుకోడానికి మా అమ్మకి సెలవియ్యండి అనా? ఆయన తలుపు దాకా వెళ్ళి మూడుసార్లు వెనక్కి వచ్చాను. మా ఆయనకి చెబితే, "ఒక టీవీ సీరియల్ కోసమా?" అని అటు తిరిగి పడుకున్నారు. ఆ మనిషి నిద్రకి కూడా నాకు కుళ్ళు వచ్చింది.

మూడో శనివారం ఇద్దరూ బొమ్మల్లా కూర్చున్నారు. నేను బావమరిది కథ సాగదీస్తూ పోయాను, నా గొంతు నాకే వెగటేసింది. ఆఖరి భాగం నెల నిండే వారంలో పడింది. ఆ మర్నాడే ఆదివారం, అమ్మని బటాంగ్ బెర్జుంటై తీసుకెళ్ళాలి. ఏడవకూడదని ముందే మాట ఇచ్చాను గదా.

ఆ శనివారమే ఆఫీసులో ఓడ కాగితాలు ఆలస్యమయ్యాయి. బయటపడేసరికి వాన, రోడ్డు నిండా లారీలు, అంగుళం కదలదు. స్టీరింగ్ మీద గుద్దుకుంటూ కూర్చున్నాను. నేను లేకపోతే తర్జుమా ఎవరు చేస్తారు? ఇద్దరూ ఆ తెర ముందు నోరు కుట్టుకుని కూర్చుంటారు, పొద్దున్నే అమ్మ సంచి భుజానికి తగిలించుకుంటుంది. తలచుకుంటే ఏడుపు లారీల మధ్యే వచ్చేసింది.

గేటు తీస్తుండగానే మావగారి గొంతు వినబడింది. పెద్దగా, తరగతిలో పాఠం చెబుతున్నట్టు. ఏం కొంప మునిగిందో అని పరుగున వెళ్ళాను. మెట్ల మీద కూర్చున్న మా అమ్మాయి పెదవుల మీద వేలు పెట్టుకుని, కదలొద్దని సైగ చేసింది. తలుపు దగ్గరే ఆగిపోయాను.

మావగారు తర్జుమా చేస్తున్నారు. "ఇప్పుడు కిరాణి లోపలికి వచ్చినాడు," అంటున్నారు. కిరాణి అనే అన్నారు, బావమరిది అనలేదు.

తెర మీద దొరకి జబ్బు చేసింది, మంచం మీద ఉన్నాడు. పైకప్పు కారుతోంది. పక్కన కిరాణి ఇంట్లోనే గొడుగు తెరిచి పట్టుకుని నిలబడ్డాడు. దొర వైపు వంగి ఇంగ్లీషులో మూడు ముక్కలన్నాడు. టీ చల్లారిపోయింది, సార్.

మావగారు గొంతు సవరించుకున్నారు. "కిరాణి ఏమంటున్నాడంటే... దొరగారూ, మీకు గొడుగు పట్టినన్నాళ్ళూ నా వెనక వానలో మనుషులు నిలబడి ఉన్నారు. ఆడవాళ్ళు ఉన్నారు, పిల్లలు ఉన్నారు. నేను వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే గొడుగు పక్కకి పోతాదని భయం. వాళ్ళ మీద అరిచినాను. ఆ అరుపు నా ఇంట్లో నా పిల్లలకి కూడా వినబడింది. వాళ్ళెవరైనా ఎక్కడైనా ఉంటే..."

ఇక సాగలేదు. తెర మీద కిరాణి ఎప్పుడో టీ కప్పు పట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయాడు. అమ్మ తెర వంక చూసింది, మావగారి వంక చూసింది.

"ఆడి నోరు అంతసేపు ఆడనేదయ్యా," అంది.

మావగారు కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"ఆడలేదు. టీ చల్లారిపోయిందన్నాడు. అంతే."

అమ్మకి నవ్వు తన్నుకొచ్చింది. ఆపుకోబోయింది, కొంగు నోటి దాకా తీసుకెళ్ళింది. మావగారు చెయ్యి అడ్డంగా ఊపి, "నవ్వండి," అన్నారు. "నేనూ నవ్వినవాణ్ణే. బడి నుంచి వస్తా ఒకసారి చూసినాను. దొర ముందు, గొడుగుతో మా నాన్న వెనక, పరుగు. చెట్టు చాటున నిలబడి నోరు మూసుకుని నవ్వినాను. ఇంటికొచ్చినాక అన్నం తినలేకపోయినాను."

అమ్మ నవ్వు ఆగింది. టీవీ దానంతట అది ఏదో వాగుతోంది.

"మా అయ్య ఆయన్ని ఆడి సూపించీవోడు," అంది నెమ్మదిగా. "లైనులో. సీపురుకట్టతోటి. తప్పేమో గాని, మా బాగా ఆడీవోడు."

"చూపించండి," అన్నారు మావగారు.

ఎనభైకి అటూ ఇటూ ఉన్న ఆ ఇద్దర్నీ అక్కడే వదిలేసి పారిపోదామా అనిపించింది. అమ్మ మోకాళ్ళు పట్టుకుని లేచింది. మూలనున్న చీపురు తీసుకుని కుడిచేత్తో ఎత్తి పట్టుకుంది. మెడ ముందుకు చాచి, బుగ్గలు లోపలికి లాక్కుని, లేని దొర వెనక హాలంతా పొట్టి పొట్టి అడుగులు వేసింది. మా తాత ఆడినది అది, నేను మొదటిసారి చూశాను. మావగారు రెప్ప వేయకుండా చూశారు.

"తప్పు," అన్నారు.

అమ్మ నిలబడిపోయింది.

"ఎడమచెయ్యి," అన్నారాయన. "ఆయన ఎడమచేత్తో పట్టేవాడు."

అమ్మ కట్టు కట్టిన మణికట్టు ఎత్తి చూపించింది. "ఎడంచెయ్యి ఇరిగింది గదా అన్నయ్యగారూ!"

ఆ పిలుపు ఆవిడ గమనించిందో లేదో గాని ఆయన గమనించారు. తర్వాత చేతికర్ర ఆనుకుని లేచి, తలుపు పక్కన తగిలించిన తన నల్ల గొడుగు తీసుకుని హాల్లోనే విప్పారు. ఎడమచేత్తో పట్టుకుని అమ్మ నెత్తి మీదికి చాచి నిలబడ్డారు.

"మీరు దొర," అన్నారు. "నడవండి."

అమ్మ చీపురు వదిలేసింది. నడుం మీద చెయ్యి పెట్టుకుంది. రెండడుగులు దర్జాగా వేసి, గబుక్కున పక్కకి తప్పుకుంది. ఎనభై దాటిన ఇస్త్రీ చొక్కా గొడుగుతో వెంట పరుగెత్తింది. మా అమ్మాయి మెట్ల మీద నవ్వలేక పొట్ట పట్టుకుంది. ఆయన నవ్వుకి దగ్గు వచ్చింది, దగ్గుతూనే నవ్వారు. నేను నవ్వానో ఏడ్చానో నాకు తెలియలేదు. ఏడవకూడదన్న షరతు ఆదివారానికి గదా, శనివారానికి కాదని సర్దిచెప్పుకున్నాను.

ఆదివారం పొద్దున నిద్ర లేవగానే అలవాటు కొద్దీ అమ్మ గదిలోకి వెళ్ళి మంచం మీదా, వంగి కిందా చూశాను. సంచి లేదు. చెప్పులు కూడా వేసుకోకుండా వంటింట్లోకి పరుగెత్తాను. అమ్మ పొయ్యి దగ్గర ఉంది. సంచి పక్కనే ఉంది, అందులో ఉల్లిపాయలు పోసి ఉన్నాయి.

ఏదో గుర్తొచ్చి, కాఫీ కలుపుతూ ఆవిడ ఒక్కర్తే కిసుక్కున నవ్వింది. ఆపుకోలేదు.

"ఎందుకమ్మా నవ్వుతున్నారు?" అని హాల్లోంచి మావగారు కేకేశారు.

"మీ గురించేలెండి అన్నయ్యగారూ!" అంది మా అమ్మ.